ఏడో గేరు పట్టించింది

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లు కొనేవాళ్ళకి సలహాలిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. చాలా వరకు బాగానే రాశారు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘బడ్జెట్ సరిపోతే ఎప్పుడూ టాప్ మోడలే తీసుకోండి, రీసేల్ బాగుంటుంది’ అన్నారు. సంక్రాంతి తర్వాత ఆరు వారాల పాటు మా మేనల్లుడితో పాత కార్ల చుట్టూ తిరిగిన మనిషిని నేను. ఆ వాక్యం కాస్త ముందే అచ్చయి ఉంటే వాడు కత్తిరించి జేబులో పెట్టుకునేవాడు, మేం ఇరవై రెండు లక్షలు పెట్టి బొమ్మ కారు కొనుక్కొచ్చేవాళ్ళం. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే కత్తిరించుకోండి, అంకెలు మాత్రం కత్తిరించకండి.

ముందు నేనెవరో చెప్పాలి. ఆర్టీసీ గ్యారేజీల్లో ముప్పై రెండేళ్ళు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. విజయవాడలో ఉంటాను. నా చేతికి అలవాటైనవి లేలాండ్లు, టాటాలు. స్పోర్ట్స్ కార్లు కావు. అయితే ‘టాప్ మోడల్’ అనే మాట అసలు సంగతి నాకు బస్సుల దగ్గరే తెలిసింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ అని మీరు నాలుగు రకాల టిక్కెట్లు కొంటారు. వెనక్కి వాలే సీటుకీ, కర్టెనుకీ, వీడియోకీ ఎక్కువ డబ్బులిస్తారు. ఆ సూపర్ లగ్జరీకి వయసు మీద పడ్డాక సీట్లు మార్చి, రంగు మార్చి, బోర్డు మార్చి పల్లెవెలుగులో తిప్పడం మా దగ్గర మామూలే. రంగు మారినంత మాత్రాన కింద ఇంజినూ గేర్‌బాక్సూ మారవు. కాబట్టి బండి పక్కన రాసిన పేరు నేను చివర చదువుతాను.

ఇక మా వాడి కథ. వాడు మా చెల్లెలి కొడుకు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అంటే పిచ్చి. ఆర్‌ఎస్ అంటే ర్యాలీ స్పోర్ట్ అట, ఆక్టేవియాలో వేగం రకం. 2004లో మన దేశానికి మొదటిసారి వచ్చింది. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను, 150 హార్స్‌పవర్, చేత్తో వేసే గేర్లు. అప్పట్లో వాళ్ళ కాలేజీ సీనియర్ ఒకడికి ఉండేదట, ఇప్పటికీ దాని నంబరు అప్పజెబుతాడు. 2025 అక్టోబరులో కొత్త ఆర్‌ఎస్ వచ్చింది. 265 హార్స్‌పవర్, ఎక్స్-షోరూమ్ 49 లక్షల 99 వేలు, దేశం మొత్తానికి వందే బండ్లు. వాడికి అంత డబ్బూ లేదు, ఉన్నా బండి దొరికేది కాదు. దాంతో పాత ఆర్‌ఎస్ మీద పడ్డాడు. సంక్రాంతికి వచ్చి, గారెలు తింటూ, ‘మావయ్యా, ఒక్కసారి నువ్వు వచ్చి చూడు’ అన్నాడు. మా చెల్లెలు వంటింట్లోంచే అరిచింది: ‘అన్నయ్యా, అంత డబ్బు పెట్టి ఎనిమిదేళ్ళ కారా? నువ్వైనా చెప్పొద్దూ వాడికి?’ నేను చెప్పలేదు. నాకూ చూడాలనిపించింది.

పాత ఆక్టేవియా కొనబోయేవాడి ముందు ముఖ్యంగా మూడు రకాలుంటాయి. ఒకటి మామూలు 1.8 పెట్రోలు ఆటోమేటిక్. దాంట్లోనే లారిన్ అండ్ క్లెమెంట్ అని, కంపెనీ పెట్టిన ఇద్దరి పేర్లతో వచ్చే హంగుల మోడల్ ఉంది. పైకప్పు నిండా అద్దం, మెత్తటి లెదర్ సీట్లు. రెండోది ఆర్‌ఎస్ 230, 2017 ఆగస్టులో వచ్చింది, అప్పటి ధర దాదాపు 24 లక్షల 62 వేలు. మూడోది ఆర్‌ఎస్ 245, 2020లో తయారైన బండినే ఓడలో దింపుకొచ్చారు, ధర 35 లక్షల 99 వేలు, దేశానికి 200 బండ్లే. ఆ 230, 245 అన్నవి హార్స్‌పవర్ అంకెలు. మీ వ్యాసం లెక్కన చూస్తే హంగుల్లో మొదటిదే టాప్ మోడల్, ధరలో మూడోది టాప్ మోడల్. కొనేవాడు ఎవరి మాట వినాలి?

మొదట చూసిన బండే మమ్మల్ని ముంచబోయింది. హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల షోరూమ్, పేరు రాయను. ఎర్ర రంగు కారు, తళతళా మెరుస్తోంది. ముందు గ్రిల్ మీద ఆర్‌ఎస్, వెనక డిక్కీ మీద ఆర్‌ఎస్, స్టీరింగ్ మీద కూడా ఆర్‌ఎస్. చక్రాల లోపల బ్రేకు డిస్కుని నొక్కి పట్టే కాలిపర్లు ఎర్రగా ఉన్నాయి. వెనక రెండు సైలెన్సర్ గొట్టాలు. మా వాడు దాని చుట్టూ గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు మూడుసార్లు తిరిగాడు. ‘2017 ఆర్‌ఎస్ 230 సార్, సింగిల్ ఓనర్, ఇరవై రెండు లక్షలు, ఈ సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది’ అన్నాడు సేల్స్ కుర్రాడు. ఆ ఇంకో పార్టీ ప్రతి షోరూమ్‌కీ, ప్రతి సాయంత్రం వస్తూనే ఉంటుందని మాకు తర్వాత తెలిసింది.

నేను వంగి చక్రాల సందుల్లోంచి కాలిపర్లు చూశాను. రంగు బ్రష్‌తో వేసినట్టుంది. వాటి రబ్బరు తొడుగు మీద కూడా ఎర్ర చుక్కలు పడ్డాయి. ఫ్యాక్టరీలో రంగు వేసేవాడు రబ్బరుకి వేయడు. సరే, ఎవరో సరదాపడి మళ్ళీ రంగు వేయించుకున్నారేమో అనుకున్నాను. టెస్ట్ డ్రైవ్‌కి ఔటర్ రింగ్ రోడ్డు మీదకి తీసుకెళ్ళాం. మా వాడు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో. ఔటర్ మీద కారుకి 120 దాకా అనుమతి ఉంది కాబట్టి నూరు దాటించాడు. పిక్‌అప్ బాగానే ఉంది. మామూలు మనిషికి ఆర్‌ఎస్ ఇదే అనిపిస్తుంది. నా కళ్ళు మీటర్ల మధ్య ఉండే చిన్న తెర మీదున్నాయి. నిలకడగా వెళ్తుంటే అక్కడ ‘డి7’ అని పడింది.

‘ఏరా, నీ ఆర్‌ఎస్ 230కి ఎన్ని గేర్లన్నావు?’

‘ఆరు, మావయ్యా.’

‘మరి ఇదేంటి?’

వాడు చూశాడు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాడు. వెనక సీట్లో ఉన్న సేల్స్ కుర్రాడు మాత్రం ఏమాత్రం తడుముకోలేదు. ‘సెవెన్ గేర్స్ సార్, సిక్స్ కన్నా బెటర్ కదా!’ అన్నాడు.

నిజానికి ఆ కుర్రాడికి కూడా తెలియకపోయి ఉండొచ్చు. తిరిగొచ్చాక ఆర్‌సీ అడిగాం. జిరాక్స్ ఇచ్చారు, సరిగ్గా అవసరమైన గడి దగ్గర మడత పడి నల్లగా వచ్చింది. బండి నంబరు ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూశాం. ఇంజిన్ కెపాసిటీ 1798 సీసీ. ఆర్‌ఎస్ 230 అయితే 1984 ఉండాలి. అంటే అది 1.8 మామూలు బండి. ఎవరో బంపర్లు, బ్యాడ్జీలు, స్టీరింగ్, గొట్టాలు తెచ్చి తగిలించారు. మెకానికల్‌గా చెడ్డ కారేం కాదు, దాని సొంత పేరుతో దాని ధరకి అమ్మితే ఎవరైనా సంతోషంగా కొనుక్కోవచ్చు. ఇంకొకరి పేరు తగిలించినందుకే ధర ఆరేడు లక్షలు పెరిగింది. మా వాడు ఆ రోజు బిర్యానీ కూడా సగం వదిలేశాడు.

గేర్ల లెక్క ఎందుకు ముఖ్యమో కాస్త చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో ‘ఆటోమేటిక్’ అని ఒక్క మాటతో తేల్చేశారు. ఈ కార్లలో ఆటోమేటిక్ అంటే లోపల రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకి, ఒకటి సరి గేర్లకి. 1.8 బండిలో ఉన్న ఏడు గేర్ల పెట్టెలో ఆ క్లచ్ ప్లేట్లు పొడిగా ఉంటాయి, మా బస్సుల్లో లాగా. అది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిను మెలితిప్పే బలం) దాకా తట్టుకునేలా చేసిన పెట్టె. ఆ ఇంజిన్ ఇచ్చేది కూడా సరిగ్గా అంతే. 230లో ఉన్న ఆరు గేర్ల పెట్టెలో ప్లేట్లు ఆయిల్లో మునిగి ఉంటాయి, మీ మోటార్ సైకిల్లో లాగా. ఆ ఇంజిన్ 350 న్యూటన్ మీటర్లు లాగుతుంది కాబట్టి, ఆ వేడికి తడి క్లచ్ ఉండాల్సిందే. 245లో మళ్ళీ ఏడు గేర్లే, కానీ అవి తడి క్లచ్‌వి, 370 న్యూటన్ మీటర్లకి. చూశారా, ఏడు గేర్లు రెండు బండ్లలో ఉన్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. గేర్లు ఎక్కువుంటే మంచిదన్న లెక్కతో వెళితే ఇక్కడ తప్పటడుగే.

ఇంకో మాట. ఆ 1.8 బండికి కంప్యూటర్‌లో ‘స్టేజ్ వన్’ కొట్టించి పవర్ పెంచామని గొప్పగా చెప్పేవాళ్ళు తగిలారు. 250కి కొలిచి చేసిన పొడి క్లచ్ మీద 300 పైన లాగిస్తే ఆ బిల్లు తర్వాత కొన్నవాడు కడతాడు.

మధ్యలో విజయవాడలో కూడా ఒక హంగుల మోడల్ చూశాం, మా ఇంటికి దగ్గర్లోనే. పైకప్పు అద్దం జరిపి చూపించారు, సీట్లు కొత్తవి వేయించారు. నేను సీట్ బెల్టు పూర్తిగా బయటికి, ఆఖరి మూర దాకా లాగాను. అక్కడ మట్టి రంగు గీత. డిక్కీలో స్టెప్నీ గుంట అడుగున వేలు పెడితే సన్నటి ఒండ్రు అంటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్న సంగతి మీ పేపర్లోనే ఫొటోలతో వేశారు. ఆ నీళ్ళలో మునిగిన కార్లన్నీ ఏమయ్యాయనుకుంటున్నారు? కొత్త సీటు కవర్లు వేసుకుని మళ్ళీ రోడ్ల మీదే ఉన్నాయి. ఆ యజమానిని ఏమీ అనలేకపోయాను. అతని ఇల్లు కూడా మునిగింది, గోడ మీద గీత అలాగే ఉంది. టీ తాగి వచ్చేశాం.

ఇక 245. దీని గురించి నిజం చెప్పాలి: మూడింటిలో మంచి కారు ఇదే. శంషాబాద్ వైపు ఒకాయన దగ్గర ఉందంటే వెళ్ళాం. ఔటర్ నుంచి కిందికి దిగే గుండ్రటి ర్యాంపు మీద నేనే నడిపి చూశాను. అరవై ఆరేళ్ళ వయసులో నాకు నవ్వొచ్చింది. మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే కారు బయటికి తోసుకుపోవాలి, ముందు చక్రాలు లాగే బండి స్వభావం అది. ఇది లోపలికి లాక్కుంది. దానికి కారణం ముందు యాక్సిల్ దగ్గరున్న ప్రత్యేకమైన డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టె. మామూలు డిఫరెన్షియల్ సంగతి బస్సు బురదలో దిగబడినప్పుడు మీరు చూసే ఉంటారు, ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటుంది, గట్టి నేల మీదున్న రెండోది కదలదు. బలమంతా తేలిగ్గా తిరిగే దానికే పోతుంది. 245లో ఒక క్లచ్ పెట్టి, మలుపులో పట్టున్న బయటి చక్రానికి బలం మళ్ళిస్తారు. మన దగ్గర అమ్మిన 230లో ఆ పని లోపలి చక్రానికి కాస్త బ్రేకు వేయించి చేయిస్తారు. తేడా తెలుస్తుంది. హార్స్‌పవర్‌లో 15, టార్క్‌లో 20 తేడా మాత్రం నాకు తెలియలేదు. కంపెనీ చెప్పిన లెక్కల్లో నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 230కి 6.8 సెకన్లు, 245కి 6.6. ఆ 0.2 సెకన్ల కోసం మా వాడు అంతకుముందు రెండు రాత్రులు నిద్రపోలేదు. పైగా ఈ టర్బో ఇంజిన్లు పెట్రోలు నాణ్యతని బట్టి తమ పవర్ తామే తగ్గించుకుంటాయి.  రోజూ నాణ్యత తక్కువది పోయిస్తే ఆ పదిహేను గుర్రాలూ బంకు దగ్గరే దిగిపోతాయి.

సరే, కారు మంచిది. ఆ కారు మాత్రం మంచిది కాదు. మహారాష్ట్ర రిజిస్ట్రేషన్, ఇప్పుడున్నాయన మూడో ఓనరు. మీటర్లో 32 వేల కిలోమీటర్లు. వెనక టైర్ల మీద తేదీ అంకెలు 1420, అంటే 2020లో 14వ వారం, కారుతో వచ్చినవే. ముందు టైర్లు 2024వి, అప్పుడే బయటి అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. బ్రేక్ డిస్కుల అంచున గోరు తగిలేంత గట్టు. 32 వేలకి అంత అరుగుదల ఉండాలంటే రోజూ రేసుకి వెళ్ళి ఉండాలి. ఆ నంబరు మీద చలాన్లు చూశాం. ఇది మీ పాఠకులకి తప్పకుండా చెప్పండి, మీటరు వెనక్కి తిప్పొచ్చు కానీ చలాను వెనక్కి తిప్పలేరు. ఓవర్‌స్పీడ్ చలాన్లు ఏడు. అందులో రెండు అర్ధరాత్రి దాటాక పడినవి. ఓనరు ఏమీ దాచలేదు పాపం, గర్వంగానే చెప్పాడు: ‘స్టేజ్ వన్ చేయించాం అంకుల్, 300 హార్స్‌పవర్. కావాలంటే మళ్ళీ స్టాక్‌కి మార్చి ఇస్తా.’ సాఫ్ట్‌వేర్ మార్చొచ్చు. అరిగిన ప్లేటుకి మళ్ళీ మందం రాదుగా.

అడిగింది 32 లక్షలు. అక్కడితో అయిపోదు. వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్సుకి ఆధారం కొత్తప్పటి ధర, వయసుని బట్టి తగ్గిస్తారు. మనం కొన్న ధర కాదు. 36 లక్షల బండికీ 25 లక్షల బండికీ తేడా అక్కడ మళ్ళీ ఒకసారి కట్టాలన్నమాట. మహారాష్ట్రలో కట్టిన ట్యాక్సులో మిగిలింది వాపసు అడగొచ్చు, దరఖాస్తులూ ఓపికా ఉంటే. మా వాడికి ఓపిక లేదు, నాకు మోకాళ్ళు లేవు.

230 దొరికింది సైనిక్‌పురిలో. ఓనరు ఒకావిడ, చార్టర్డ్ అకౌంటెంట్. మేం వెళ్ళేసరికి కారు కడిగించలేదు, దుమ్ముతోనే ఉంది. నాకు మొదటి మార్కు అక్కడే వేయాలనిపించింది. కడగని కారు మీద డెంటింగ్ పనులు దాచలేరు. ముందు బంపర్ కింది అంచు గీసుకుపోయి ఉంది. మామూలు ఆక్టేవియా కన్నా ఆర్‌ఎస్ ఎత్తు తక్కువ, మన స్పీడ్‌బ్రేకర్లకి అది తప్పదు. డ్రైవర్ సీటు కుడి అంచు, మనిషి ఎక్కి దిగే చోట, నలిగి మెరుస్తోంది. మీటర్లో 71,400 కిలోమీటర్లు. సీటు, స్టీరింగ్, పెడల్ రబ్బర్లు ముగ్గురూ అదే సాక్ష్యం చెబుతున్నారు. టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే నెలవి, పదిహేడు అంగుళాలవి.

ఆవిడ లోపలికెళ్ళి రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి ఫైలు. ప్రతి సర్వీసు బిల్లూ తేదీ వరసలో. రెండోది పొడుగాటి నోటుబుక్కు, కొన్న రోజు నుంచి పోయించిన ప్రతి లీటరు పెట్రోలూ అందులో ఉంది. నేను ఫైల్లో వెతికింది ఒకే ఒక్క కాగితం. ఆరు గేర్ల తడి క్లచ్ పెట్టెకి 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. చాలామంది మార్చరు, ఖర్చుకి జంకి. ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అని ఎవరో చెబితే నమ్మేవాళ్ళూ ఉన్నారు. ఆవిడ 58,200 దగ్గర మార్పించింది. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్, వాటర్ పంపు ఒకసారి, స్పార్క్ ప్లగ్గులు, అన్నీ ఉన్నాయి. మా వాడు నా చెవిలో ‘71 వేలు తిరిగింది కదా మావయ్యా, అది 32 వేలే’ అని గొణిగాడు. ‘ఒరేయ్, ఆ 32లో అబద్ధమెంతో నీకు తెలుసా? ఈ 71లో అబద్ధం లేదని నాకు తెలుసు’ అన్నాను.

కాగితాలు చూడ్డంతో ఆపలేదు. యాప్‌లో సీసీ 1984 ఉంది. నడిపితే ‘డి6’ దాటలేదు. ఒకటో గేరులో కాలు నెమ్మదిగా తీసి పాకించాను, ట్రాఫిక్‌లో లాగా, వణుకు లేదు. రివర్స్‌కీ డ్రైవ్‌కీ నాలుగైదుసార్లు మార్చాను, టక్కుమనలేదు. ఒకే చలాను, రాంగ్ పార్కింగ్. దాని గురించి ఆవిడ పావుగంట వాదించింది, అక్కడ బోర్డే లేదట.

కారు కొనేవాళ్ళు అమ్మేవాళ్ళని ప్రశ్నలడుగుతారు. ఇక్కడ ఆవిడే మా వాణ్ణి అడిగింది. ‘పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే తొక్కుతావా, వేడెక్కనిస్తావా?’ ‘స్పీడ్‌బ్రేకర్ ఎలా ఎక్కిస్తావు?’ ‘ఏ పెట్రోలు పోయిస్తావు?’ వాడు ఇంటర్వ్యూకి వచ్చినట్టు చేతులు కట్టుకుని జవాబులు చెప్పాడు. 21 లక్షలు అడిగింది, 19 లక్షల 75 వేలకి ఒప్పుకుంది. ఇరవైకి ఆ పాతికవేలు ఎందుకు తగ్గించిందో అడిగితే, ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంకో ఐదువేల కిలోమీటర్లలో మార్చాలి, ఆ ఖర్చు తనదేనంది. నేను గ్యారేజీలో ఇన్నేళ్ళలో అలాంటి మనిషిని చూడలేదు. తెలంగాణ బండే కాబట్టి ట్యాక్సు గొడవ లేదు, ఫారం 29, 30 మీద సంతకాలతో పేరు మారిపోయింది. నంబరు ప్లేటు మీద ఇంకా పాత ‘టీఎస్’ అక్షరాలే ఉన్నాయి. అవే ఇష్టం అంటాడు మా వాడు.

వాడికి ఇప్పటికీ 245 మీద కాస్త గుబులుంది. ర్యాంపు మీద నేను నవ్విన సంగతి పదేపదే గుర్తుచేస్తాడు. కాదనను. అదే 245 ఆవిడ చేతిలో ఉండి ఉంటే, ఆ ఫైలుతో, తెలంగాణ నంబరుతో దొరికి ఉంటే, అప్పు చేసైనా తీసుకోమనేవాణ్ణి. దేశంలో ఉన్న రెండువందల్లో అలాంటిది ఎక్కడో ఉండే ఉంటుంది. మాకు ఎదురుపడలేదు.

పోయిన వారం మా వాడు ఆ కారులోనే విజయవాడ వచ్చాడు. కొర్లపహాడ్ టోల్‌గేటు దాటాక ఫోన్ చేసి ‘మావయ్యా, వందలోనే వస్తున్నా’ అన్నాడు. మా చెల్లెలు డిక్కీ తెరిచి చూసింది. 590 లీటర్ల డిక్కీ, వెనక అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది. రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ, ఇంకా చోటు మిగిలింది. ‘ఇదేదో ముందే చెప్పొచ్చు కదా అన్నయ్యా’ అంది. ఆవిడ దృష్టిలో ఈ కారు టాప్ మోడల్ కావడానికి అది చాలింది.

ఇక మీకు నా విన్నపం. మీ క్లాసిఫైడ్స్ పేజీలో కార్ల ప్రకటనల్లో ‘టాప్ మోడల్, ఫుల్లీ లోడెడ్, సూపర్ కండిషన్’ అని వేస్తారు. ఆ మూడు మాటలకీ అర్థం లేదు. దానికి బదులు ఇంజిన్ సీసీ ఎంత, ఎన్ని గేర్లు, ఎన్నో ఓనరు, ఏ రాష్ట్రం రిజిస్ట్రేషన్ అన్నవి తప్పనిసరి చేయండి. లైనుకింత అని డబ్బు తీసుకుంటారు కదా, ఈ నాలుగు ముక్కలకీ తీసుకోకండి. అలాగే ఆ వ్యాసం రాసినవారు మళ్ళీ రాస్తే, సన్‌రూఫ్ గురించి రాసిన పేరాలో సగం తీసేసి గేర్‌బాక్స్ ఆయిల్ గురించి రాయమని చెప్పండి. ఈసారి వారికి సందేహాలుంటే ఏ డిపో గ్యారేజీకి వెళ్ళినా టీ ఇచ్చి మరీ చెబుతారు.

ఉత్తరంతో కారు ఫొటో జతచేశాను. వెనక డిక్కీ మీద ఆర్‌ఎస్ అక్షరాలు కనిపిస్తాయి. వాటిని చూసి నమ్మేయకుండా ఉండటానికి నంబరు చెరిపేసిన ఆర్‌సీ కాపీ కూడా పెట్టాను, 1984 అన్న గడి దగ్గర మడత పడలేదు.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ ఫోర్‌మన్,
విజయవాడ

(పేరు వేయకండి. రేపట్నుంచి వీధిలోవాళ్ళంతా కార్లు చూడ్డానికి రమ్మంటారు.)